తెర మీది గురువు, జీను మీది శిష్యుడు

గుర్రం చేత లయ తప్పని నడకలు వేయించే విద్య డ్రెసాజ్. ఒలింపిక్స్‌లో దీని బరి 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఇందులో జట్టు స్వర్ణం గెలిచిన భారత రౌతులు ఐరోపాలో ఉండి సాధన చేసినవారు. అంత దూరం వెళ్లలేనివారికి ఇప్పుడు పేరున్న శిక్షకుల పాఠాలు ఆన్‌లైన్‌లో అందుతున్నాయి.

వీటిలో అన్నిటికన్నా విలువైనది వీడియో పరిశీలన. రౌతు తన స్వారీని చిత్రించి పంపితే, శిక్షకుడు వేగం తగ్గించి చూస్తాడు: లోపలి పగ్గం బిగిసిందా, మడమ పైకి లేచిందా, గుర్రం వెనక కాలు పొట్ట కిందికి వస్తోందా. జీను మీద కూర్చున్నవారికి తమ భంగిమ తమకు కనబడదు. ఈ చూపు ఆ లోటు తీరుస్తుంది. గుర్రం వెన్ను బిగువు మాత్రం తెర మీద పూర్తిగా తెలియదు. కుంటుతున్నట్టు అనుమానం వస్తే పశువైద్యుణ్ణే పిలవాలి. ఈ సంచిక వ్యాసాలు కెమెరా ఎక్కడ నిలపాలన్న దగ్గర మొదలవుతాయి.