కాలిన రెసిస్టర్ ఏం చెబుతోంది?

ఈ సంచికను పాత వాల్వు ట్రాన్స్‌మిటర్ల మరమ్మతుకు కేటాయించాం. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం బెంటన్ హార్బర్ నుంచి 1960లలో కిట్ రూపంలో వచ్చిన హీత్‌కిట్ డీఎక్స్-60 లాంటి సెట్లు ఇప్పటికీ హ్యామ్‌ల బల్లల మీద పలుకుతున్నాయి. వాటిని కాపాడుకోవాలంటే ముందు ఒక అలవాటు మానాలి: మాడిన రెసిస్టర్ కనబడగానే పీకేసి కొత్తది పెట్టేయడం.

రెసిస్టర్ ఊరికే కాలదు. అసలు దోషి చాలాసార్లు పక్కనే ఉంటుంది. 6146 వాల్వు స్క్రీన్ గ్రిడ్ దగ్గరి బైపాస్ కెపాసిటర్ షార్టయితే, స్క్రీన్‌కు వోల్టేజీ అందించే రెసిస్టర్ మీద భారమంతా పడి అది నల్లబడిపోతుంది. కెపాసిటర్‌ను వదిలేసి రెసిస్టర్ మాత్రమే మారిస్తే కొత్తదీ కాసేపట్లో మాడుతుంది. రంగు పట్టీలు చెరిగిపోయినచోట విలువను ఊహించకండి, సర్క్యూట్ డయాగ్రమ్ చూడండి. వాటేజీ తగ్గించకండి. ఆర్‌ఎఫ్ ప్రవహించే చోట తీగ చుట్టిన రెసిస్టర్ వాడకండి; దాని ఇండక్టెన్స్ సర్క్యూట్ నడకనే మార్చేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం ప్రాణం. ఇలాంటి సెట్లలో ప్లేట్ వోల్టేజీ 600 వోల్టుల దాకా, కొన్నిట్లో అంతకు మించి ఉంటుంది. ప్లగ్ పీకాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో ఛార్జి నిలిచి ఉండొచ్చు. దాన్ని డిశ్చార్జి చేసి, మీటరులో సున్నా చూశాకే లోపల చేయి పెట్టండి.

లోపలి పేజీల్లోని వ్యాసాలు ఈ క్రమంలో సాగుతాయి: ముందు భద్రత, తర్వాత కారణం, ఆ పైన మరమ్మతు. మీ అనుభవాలూ రాసి పంపండి.

– సంపాదకుడు