కీబోర్డు వెనక చెయ్యి

"ఇది నువ్వు వాయించావా, కంప్యూటర్ వాయించిందా?"

సంక్రాంతి సెలవులకి అశ్వారావుపేట వెళ్ళినప్పుడు, ల్యాప్‌టాప్‌లో చేసిన నా పాట వినిపిస్తే నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇది. రెండో మాట ఇంకా ఘోరం. "ఆ డప్పేంట్రా, గోడకి మేకు కొడుతున్నట్టుంది!"

మన హాస్టల్లో కూడా చాలామంది ఇదే అంటారు. ఎలక్ట్రానిక్ సంగీతం అంటే బటన్ నొక్కితే వచ్చేదట, దానికి ప్రాణం ఉండదట. నేను ఒప్పుకోను. నా సాక్షులు రాజ్-కోటి.

రాజ్ అంటే తోటకూర సోమరాజు, టి.వి.రాజు గారి అబ్బాయి. కోటి అంటే సాలూరి కోటేశ్వరరావు, రాజేశ్వరరావు గారి అబ్బాయి. ఇద్దరూ ఆర్కెస్ట్రా మధ్య పెరిగినవాళ్ళే. వాళ్ళ తొలి సినిమా 'ప్రళయ గర్జన' 1983లో వచ్చింది. యమహా డీఎక్స్7 సింథసైజర్, మిడి స్టాండర్డ్ వచ్చింది కూడా అదే ఏడాది. వాళ్ళు ఆ కొత్త మోతలకి భయపడలేదు, మన మాస్ పాటలోకి తెచ్చుకున్నారు. 'హలో బ్రదర్'కి 1994 నంది అవార్డు కూడా అందుకున్నారు. వాళ్ళ దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడు దిలీప్. 1992లో 'రోజా'తో ఎ.ఆర్.రెహమాన్‌గా అందరికీ తెలిశాడు. మణిశర్మ కూడా ముందు కీబోర్డు వాయించినవారే.

సీఎస్ఈ వాళ్ళం కదా, ఒక్కసారి మిడి డేటా చూడండి. అందులో శబ్దమే ఉండదు. ఏ మెట్టు నొక్కాం, ఎప్పుడు, ఎంత గట్టిగా అన్న అంకెలే. ఆ 'గట్టిగా' అన్నది 127 వరకు ఉంటుంది. నా డప్పులో ప్రతి దెబ్బకీ 100 పెట్టేశాను. ఏ మనిషి చెయ్యీ అలా కొట్టదు. అంటే తప్పు కంప్యూటర్‌ది కాదు, నాది. ఆ రాత్రంతా కూర్చుని ఒక్కో దెబ్బా మార్చాను. కొన్ని 60, కొన్ని 110, కొన్ని తాళానికి వెంట్రుకవాసి వెనక. పొద్దున్నే వినిపిస్తే నాన్న ఏమీ అనలేదు, కానీ కాలు మాత్రం కదిలింది.

నాన్న వైపు న్యాయం లేదని కాదు. కీబోర్డు వచ్చాక వయొలిన్ల వాళ్ళకీ, డోలు, డప్పు వాళ్ళకీ పని తగ్గింది. ఆ నష్టం నిజం. శాంపిల్ వాడే మనం ఆ వాద్యం ముందు కూర్చుని వినాలి, వీలైతే మనిషినే పిలిచి వాయించమనాలి. కానీ దానికి విరుగుడు ప్రోగ్రామర్‌ని తక్కువ చేయడం కాదు. 'రోజా' రాకముందు దిలీప్ పేరు ఎంతమందికి తెలుసు?

రాజ్ గారు 2023 మేలో వెళ్ళిపోయారు. ఆ పాటలు మన ఫెస్ట్‌లో ఇంకా మోగుతున్నాయి. ఈసారి స్టేజీ మీద పాడినవాళ్ళతో పాటు ట్రాక్ చేసినవాళ్ళ పేరు కూడా చదవండి. ప్లే బటన్ ఎవరైనా నొక్కుతారు. ఆ అంకెలు వేసింది మాత్రం ఒక మనిషి.