బండి బాగుందా? ఎవర్ని అడిగారు?

కొత్త బండి కొనాలనుకున్న ఇంట్లో ఇప్పుడు రెండు పార్టీలుంటున్నాయి. ఒకటి చదివిన పార్టీ. రెండోది నడిపిన పార్టీ. దాచేపల్లిలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఈ వాదన చెవిన పడుతుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే బావమరిది పండక్కి వస్తాడు. 'బావా, ఆ జీపు గురించి ఏం రాశారో చూశావా? వెనక సీట్లో కూర్చుంటే నడుములు పోతాయంట. లోపలంతా గట్టి ప్లాస్టిక్కంట' అంటాడు. అయిదేళ్లుగా అలాంటి బండినే తోలుతున్న బావ నవ్వి ఊరుకోడు. 'రాసినోళ్లని ఒక్కసారి తొలకర్లో మన డొంకలో దిగమను. అప్పుడెయ్యమను మార్కులు' అంటాడు.

చదివినవాడిదీ అబద్ధం కాదు, తోలినవాడిదీ అబద్ధం కాదు. మధ్యలో పది, పన్నెండు లక్షలు చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషికే తిప్పలు. ఎవరి మాట వినాలి?

విమర్శలు పెరిగాయి, అమ్మకాలూ పెరిగాయి

మన పల్లెల్లో ఎత్తుగా, దృఢంగా కనిపించే ప్రతి బండీ జీపే. దానికి కారణముంది. మహీంద్రావాళ్లు 1947 నుంచే విల్లీస్ జీపుల్ని మన దేశంలో బిగించి అమ్మడం మొదలుపెట్టారు. ఆ వంశంలోంచే 2000లో బొలేరో వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ రివ్యూలు రాసేవాళ్లు దాన్ని మెచ్చుకున్నది తక్కువ, నొచ్చుకున్నది ఎక్కువ. పాతకాలం డిజైనన్నారు. ఇంజను మోత అన్నారు. మలుపులో ఊగుతుందన్నారు. కొన్నవాళ్లు అవేవీ పట్టించుకోలేదు. 2000ల మధ్య నుంచి దాదాపు పదేళ్లు తన తరగతిలో దేశంలో అత్యధికంగా అమ్ముడైన బండి అదే. ఒక దశలో ఏడాదికి లక్ష దాటి అమ్ముడైంది.

2010లో థార్ వచ్చినప్పుడూ ఇదే వరస. కొండలెక్కడంలో, బురద దాటడంలో దానికి మంచి మార్కులే పడ్డాయి. లోపలి ముస్తాబు దగ్గరికి వచ్చేసరికి పెదవి విరిచారు. వెనక ఎదురెదురు బెంచీలు, పైన గుడ్డ కప్పు. ఈ ధరకి ఇదేం సుఖం అన్నారు. కొన్నవాళ్ల జవాబు ఒకటే. 'సుఖం కావాలంటే కారు కొనుక్కునేవాళ్లం కదా!'

2020 అక్టోబరు 2న కొత్త థార్ వచ్చింది. ఈసారి రివ్యూలు బాగా మెత్తబడ్డాయి. అయినా మూడు ఫిర్యాదులు మిగిలాయి. గతుకుల్లో ఎగరేస్తుంది, వెనక సీట్లోకి ఎక్కడం కష్టం, సామాను పెట్టుకోవడానికి చోటు లేదు.

దాచేపల్లి పెట్టే పరీక్ష

ఓనర్ల వాదన అర్థం కావాలంటే ఈ ప్రాంతాన్ని ఒకసారి చూడాలి. నార్కట్‌పల్లి - అద్దంకి రహదారి వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పొందుగల మీదుగా దాచేపల్లి చేరుతుంది. అక్కణ్నుంచి పిడుగురాళ్ల వైపు సాగుతుంది. నాలుగు వరసల నున్నటి రోడ్డు. దాని మీంచి పక్కకి దిగితే వేరే లోకం. ఒక వైపు సిమెంటు లారీలు నలగ్గొట్టిన దారులు, నాపరాయి గనులు. ఇంకో వైపు పిడుగురాళ్ల సున్నం బట్టీల తెల్ల దుమ్ము. మిరప, పత్తి చేలకి వెళ్లే డొంకల్లో నల్లరేగడి. ఇవన్నీ ఒకే బండికి ఒక్కరోజులో ఎదురవుతాయి.

కంపెనీ పిలిస్తే వెళ్లి, రెండు మూడు రోజులు తోలి రాసేవాళ్లకి ఈ దారులు తగలవు. పైగా వాళ్లు తోలేటప్పుడు బండిలో ఉండేది ఒకళ్లో ఇద్దరో. ఇక్కడే అసలు కిటుకుంది. బొలేరో లాంటి బండికి వెనక ఉండేవి కమాను కట్టలు. బరువు మోయడానికే వాటిని గట్టిగా చేస్తారు. ఖాళీగా తోలితే ప్రతి గుంతలోనూ ఎగరేస్తాయి. అదే బండిలో ఏడుగురు మనుషులు, పురుగుమందు డబ్బాలు, బాగుచేయించడానికి వేసుకున్న బోరు మోటారు ఉంటే కట్టలు కిందికి దిగి బండి కుదురుగా నడుస్తుంది. రివ్యూ రాసినాయన తోలింది ఖాళీ బండి. రైతు తోలేది నిండు బండి. ఇద్దరూ చూసింది చూసినట్టే చెప్పారు.

గట్టి ప్లాస్టిక్ సంగతీ అంతే. బురద కాళ్లతో ఎక్కి దిగే చోట మెత్తటి తివాచీ ఎన్నాళ్లుంటుంది? తడిగుడ్డతో తుడిస్తే పోయేదే మేలు. కొత్త థార్‌లో కింది భాగాన్ని నీళ్లతో కడిగి, ఆ నీళ్లు బయటికి పోయేలా అడుగున బిరడాలు పెట్టారు. దాని విలువ ఏసీ గదిలో కూర్చుంటే తెలియదు.

మూడు రోజుల తోలకంలో బయటపడని లోపాలూ ఉంటాయి. కొత్త థార్ రివ్యూలు 2020 ఆగస్టు నుంచే వచ్చాయి. 2021 ఫిబ్రవరిలో కంపెనీయే 1,577 డీజిల్ థార్లని వెనక్కి పిలిచి, ఇంజనులో క్యామ్‌షాఫ్ట్ లోపాన్ని ఉచితంగా సరిచేస్తామని ప్రకటించింది. అలాంటివి ఎంత గొప్ప నిపుణుడైనా మొదటి వారంలో ఎలా పట్టుకుంటాడు? మూడో ఏడు సర్వీసు ఖర్చు, విడిభాగం దొరకడానికి పట్టే రోజులు, దుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ ఎన్నాళ్లకి మూసుకుపోతుంది... ఇవి వాడినవాడే చెప్పాలి.

మెచ్చుకుంటే కొంటారా?

ఇంతవరకూ చదివి రివ్యూలన్నీ దండగ అనుకోకండి. దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. 2023 జూన్‌లో మారుతి జిమ్నీ వచ్చింది. తేలిక బండి, ఎక్కడికైనా పాకుతూ వెళ్తుందని రివ్యూలు రాసేవాళ్లలో చాలామంది ముచ్చటపడ్డారు. మనవాళ్లు ముందుకు రాలేదు. ఆ ధరకి మరీ ఇరుకు, నలుగురికే చోటు అన్నారు. కొద్ది నెలలకే ధర తగ్గించి అమ్మాల్సి వచ్చింది. అదే బండిని ఇక్కడ తయారుచేసి 2025 జనవరిలో జపాన్‌లో అమ్మకానికి పెడితే నాలుగైదు రోజుల్లో 50 వేల ఆర్డర్లు వచ్చాయి. ఇక చాలని బుకింగులు ఆపేశారు. బండి ఒకటే. అక్కడి సందులకి ఆ ఇరుకే వరమైంది. ఇక్కడి కుటుంబాలకి అదే లోపమైంది. అమెరికాలో జీప్ ర్యాంగ్లర్‌ది ఇంకో తీరు. మోత, కుదుపులు అని నిపుణులు దశాబ్దాలుగా వంకలు పెడుతూనే ఉన్నారు. పాతబడ్డాక కూడా ధర పడిపోని బండ్లలో అది ఎప్పుడూ ముందు వరసలోనే ఉంటుంది.

కాకి పిల్ల కాకికి ముద్దు

ఇక ఓనర్ల వైపు చూద్దాం. పది లక్షలు పోసి కొన్నవాడు 'పొరపాటు చేశాను' అని నలుగురిలో ఒప్పుకుంటాడా? కష్టపడి కొన్న వస్తువుని సమర్థించుకోవడం మనిషి గుణం. దానిలో తప్పు పట్టడానికేం లేదు.

ఇంకో చిక్కుంది. దీన్ని చాలామంది గమనించరు. వెనక సీటు చూసి 'మనకి సరిపోదు' అనుకున్నవాళ్లు ఆ బండి కొనలేదు. కొని విసిగినవాళ్లు రెండేళ్లలో అమ్మేశారు. ఇవాళ ఆ బండి దగ్గర మీకు దొరికే ఓనర్లు ఎవరు? నచ్చి మిగిలినవాళ్లు. పదిమందిలో తొమ్మిదిమంది బాగుందనడంలో వింతేముంది?

మరో మాట. ఓనరంటే ఎవరు? స్టీరింగు దగ్గర కూర్చునే ఆయనేనా? మూడు తలుపుల థార్‌లో వెనక్కి వెళ్లాలంటే ముందు సీటు మడిచి, ఎత్తుకి కాలేసి, వంగి దూరాలి. చీర కట్టుకున్న అమ్మ, మోకాళ్ల నొప్పుల నాయనమ్మ ఆ పని ఎలా చేస్తారో ఓనరుగారి ప్రశంసల్లో ఉండదు. రివ్యూ రాసినాయన మాత్రం వెనక సీట్లో కూర్చుని చూసి రాస్తాడు. ఆ లెక్కన బావమరిది చదివి వినిపించిన ఫిర్యాదు ఆ ఇంటి నాయనమ్మదే. ఆవిడ మాట కంపెనీకీ చేరినట్టుంది. 2024 ఆగస్టులో అయిదు తలుపులతో థార్ రాక్స్ వచ్చింది.

అనుభవం చెప్పలేనిది

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. 'పదిహేనేళ్లుగా తోలుతున్నా, గీత కూడా పడలేదు. రేకు చూడు ఎంత మందమో' అని బండి బానెట్ మీద చెయ్యేసి చరుస్తారు. గీత పడకపోవడం ఆయన జాగ్రత్తకీ అదృష్టానికీ గుర్తు. గుద్దుకుంటే ఆ బండి మనిషిని కాపాడుతుందో లేదో దానివల్ల తెలియదు. అనుభవం ఆ జవాబు చెప్పేసరికి మనిషి ఉండకపోవచ్చు.

అందుకే బొమ్మ మనుషుల్ని కూర్చోబెట్టి, గంటకి 64 కిలోమీటర్ల వేగంతో బండిని గుద్దించి చూస్తారు. గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ చేసిన ఇలాంటి పరీక్షలో 2016లో ఎయిర్‌బ్యాగులు లేని స్కార్పియోకి పెద్దల రక్షణలో ఒక్క స్టారూ రాలేదు. 2020లో కొత్త థార్‌కి నాలుగు స్టార్లు వచ్చాయి. 2024లో బొలేరో నియోకి ఒకటే వచ్చింది. పేరు కలిసినా పాత బొలేరో, నియో వేర్వేరు బండ్లని గుర్తుంచుకోవాలి. 2023లో మన దేశమే భారత్ ఎన్‌క్యాప్ పేరుతో పరీక్షలు మొదలుపెట్టింది. అందులో 2024లో థార్ రాక్స్‌కి అయిదు స్టార్లు దక్కాయి. సున్నా వచ్చిన బండినీ, అయిదొచ్చిన బండినీ వాటి ఓనర్లు ఒకే ప్రేమతో మెచ్చుకుంటారు. తేడా చూపించింది పరీక్షే.

ఎత్తు బండికి ఇంకో ప్రమాదముంది. బరువు పైకి చేరేకొద్దీ మలుపులో, ఉన్నట్టుండి పక్కకి తిప్పినప్పుడు పల్టీ కొట్టే అవకాశం పెరుగుతుంది. కోటప్పకొండ తిరునాళ్లకి ఏడుగురి బండిలో పన్నెండుమంది ఎక్కి, పైన క్యారియర్ నిండా సామాను కట్టి, నాలుగు వరసల రోడ్డు మీద వంద దాటిస్తే ఏ కంపెనీ బండైనా ఒకటే. 'మలుపులో ఊగుతుంది' అని రివ్యూలో రాసింది చూసి నవ్వుకుంటాం. ఆ వాక్యం సుఖం గురించి కాదు, దీని గురించి.

ఫోర్ బై ఫోర్ అనగానే ఎక్కడైనా దూసుకుపోతుందన్న నమ్మకమూ మంచిది కాదు. తడిసిన నల్లరేగడి జిగురు ముద్దలా టైరు గాళ్లలో నిండిపోతుంది. చక్రం నున్నటి పీపాలా మారుతుంది. అప్పుడు ఇంజను బలం నాలుగు చక్రాలకీ అందినా నాలుగూ ఉన్నచోటే తిరుగుతాయి. చివరికి ట్రాక్టరు రావాల్సిందే. మన డొంకకి టైర్ల రకం ముఖ్యం. బురద దాటాక పొడి తారురోడ్డు ఎక్కగానే ఫోర్ బై ఫోర్ తీసేయడం కూడా మర్చిపోకూడదు. థార్, జిమ్నీ లాంటి బండ్లలో అలాగే తోలితే మలుపుల్లో గేర్ల మీద ఒత్తిడి పడి పాడవుతాయి.

ఎవర్ని ఏం అడగాలి?

బ్రేకులు వేస్తే బండి నేరుగా ఆగుతుందా, మలుపులో నిలకడ ఎలా ఉంది, ఎన్ని స్టార్లు వచ్చాయి, ప్రతి సీటుకీ బెల్టుందా, వెనక కూర్చుంటే ఎలా ఉంటుంది... ఇవి రివ్యూల్లో చూడండి. ఒకటి కాదు, మూడు నాలుగు చదవండి. అందరూ ఒకే లోపం చెబితే అది నిజంగా ఉన్నట్టే.

ఓనర్ని 'బాగుందా?' అని అడక్కండి. బాగుందనే అంటారు. 'ఇప్పటిదాకా ఏమేం మార్చారు? కిందటేడు సర్వీసుకెంతయింది? సామాను గుంటూరులో దొరుకుతుందా, హైదరాబాద్ నుంచి రావాలా? మన ఊరి మెకానిక్ చెయ్యి పెట్టగలడా?' అని అడగండి. వీలైతే ఆ బండి అమ్మేసిన మనిషిని వెతికి పట్టుకోండి. ఎందుకు అమ్మారో తెలుసుకుంటే పది ప్రశంసల కంటే ఎక్కువ పనికొస్తుంది.

తర్వాత మీ వాడకం రాసుకోండి. ఏడాదిలో ఎన్ని రోజులు డొంకలో దిగుతారు? ఎన్ని రోజులు హైదరాబాద్ రోడ్డు మీద ఉంటారు? పది రోజుల బురద కోసం 355 రోజుల కుదుపులు భరించడం అవసరమా, లేక ఆ పది రోజులే మీకు పంటా బతుకూనా? ఆ జవాబు ఏ నిపుణుడూ చెప్పలేడు, పక్కింటి ఓనరూ చెప్పలేడు.

టెస్ట్ డ్రైవ్‌కి షోరూమ్ ముందున్న నున్నటి రోడ్డుతో సరిపెట్టుకోకండి. గతుకుల దారి ఒకటి, వేగంగా వెళ్లే రోడ్డు ఒకటి అడిగి తోలండి. ఇంట్లో అందర్నీ ఎక్కించండి. నాయనమ్మని తప్పకుండా వెనక సీట్లో కూర్చోబెట్టండి. కిందికి దిగాక ఆవిడేమంటుందో విని, అప్పుడు అడ్వాన్సు కట్టండి.