చీర కట్టు మరచిపోతే

"మా అత్తగారు మొన్నమొన్నటి దాకా అయిదు నిమిషాల్లో చీర కట్టుకుని పూజ దగ్గర కూర్చునేవారు డాక్టరు గారూ! ఇప్పుడు జాకెట్టు చేత్తో పట్టుకుని గంటసేపు అటూ ఇటూ తిప్పుతుంటారు. చీర కట్టుకున్నాక పైనుంచి లంగా తొడుక్కుంటారు. పొద్దున్నే పిల్లలకు క్యారేజీలు సర్దాలి, బస్సు వస్తుంది. నన్ను సాధించడానికే ఇలా చేస్తున్నారనిపిస్తోంది."

ఒక కోడలు నా ఎదుట కూర్చుని అన్న మాటలివి. డెబ్బయి నాలుగేళ్ల అత్తగారు పక్కనే కూర్చుని, ఎవరి గురించో మాట్లాడుకుంటున్నట్టు కిటికీ వైపు చూస్తున్నారు.

సాధించడానికి కాదమ్మా అని చెప్పాను. ఆవిడకు డిమెన్షియా మొదలై రెండేళ్లయింది. ఇది పేర్లు, తేదీలు మరచిపోవడంతో ఆగే జబ్బు కాదు. చీర కట్టుకోవడంలో ఎన్ని పనులున్నాయో మీరెప్పుడైనా లెక్కపెట్టారా? లంగా బొందు ముడి వేయాలి, హుక్కులు పెట్టుకోవాలి, చెంగు ఏదో తెలియాలి, చుట్టూ తిప్పి దోపాలి, కుచ్చిళ్లు సమంగా పట్టాలి, పైట సర్దుకోవాలి. దేని తరువాత ఏదో చెప్పేది మెదడే. ఏది కుడి చెయ్యి, ఏది ఎడమ, రవికకు లోపలి వైపు ఏది అని పోల్చుకునేదీ మెదడే. ఆ భాగాలు దెబ్బతింటే, వేళ్లలో బలం ఉన్నా పని వరుస తప్పుతుంది.

చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. ఆలస్యమవుతోందని మనమే చకచకా కట్టేస్తాం. అలా చేస్తూ పోతే, ఆవిడకు మిగిలి ఉన్న కాస్త చేతనవుననడమూ పోతుంది. అందుకని బట్టలు వేసుకునే వరుసలో మంచం మీద పరచండి, ముందుది పైన. ఒక్కొక్కటే చేతికి ఇవ్వండి. "చెయ్యి ఇందులో పెట్టండి అత్తయ్యా" అని ఒక్క మాట చెప్పి ఆగండి. వెంటనే రెండో మాట చెబితే మొదటిది పోతుంది. మొదటి రెండు కుచ్చిళ్లు మీరు పట్టి ఆవిడ వేళ్లకు అందించి చూడండి. మాటతో గుర్తురానిది కొందరికి చేతితో గుర్తొస్తుంది. పొద్దున్న తీరిక లేకపోతే బడి బస్సు వెళ్లాకనే ఈ పని పెట్టుకోండి. ఏడింటికే ముస్తాబై కూర్చోవాలని శాస్త్రమేమీ లేదు!

బీరువా తలుపు తెరిచి "ఏం కట్టుకుంటారు?" అని అడగకండి. రెండు చీరలు చూపి, ఏది కావాలో అడగండి. రోజూ అదే చీర కావాలంటే వాదించవద్దు. అలాంటిదే మరొకటి కొని, ఆవిడ నిద్రపోయాక మార్చేయండి.

వద్దని చెయ్యి తోసేస్తే కారణం వెదకండి. స్నానం చేశాక పైన ఫ్యాను తిరుగుతూ ఉండవచ్చు. భుజం ఎత్తితే నొప్పి కావచ్చు. మధుమేహం ఉన్నవారిలో భుజం బిగుసుకుపోవడం తరచు చూస్తాం. లేదా సిగ్గు. మతి తప్పినా సిగ్గు తప్పదు. ముఖ్యంగా కొడుకు తల్లికి, కోడలు మామగారికి సాయం చేసేటప్పుడు భుజాల మీదుగా తువ్వాలు కప్పి, ఆ చాటున మార్చండి. తలుపు దగ్గరగా వేయండి. అయినా వినకపోతే పావుగంట ఊరుకుని మళ్లీ వెళ్లండి. ఆ పావుగంటలో కోపం మరచిపోయి ఉండవచ్చు. ఈ జబ్బు మనకు చేసే ఉపకారం అదొక్కటే.

కొందరు నలుగురిలో బట్టలు విప్పేస్తారు. ఇంట్లోవాళ్లు తల దించుకుంటారు, కొన్నిచోట్ల కొడతారు కూడా. ఉక్కపోత, గుచ్చుకునే పిన్ను, చెమటకాయలు, మూత్రానికి వెళ్లవలసిన తొందర, వీటిలో ఏదో ఒకటి నోటితో చెప్పలేక అలా చేస్తారు. ముందు బాత్రూముకు తీసుకెళ్లి చూడండి.

టైలరు చేత ముందు హుక్కులు తీయించి అంటుకునే పట్టీ వేయించండి. లంగాకు బొందు బదులు ఎలాస్టిక్ వేయించవచ్చు. కుచ్చిళ్లు ముందే కుట్టిన చీరలు ఇప్పుడు దొరుకుతున్నాయి. అంచు కాళ్లకు తట్టుకోకుండా చీలమండ పైన ఉండాలి. పడి తుంటి ఎముక విరిగితే తిరిగి లేవడం కష్టం. నైటీ మనకు సుఖమే గాని, జన్మలో వేసుకోని మనిషికి అది అవమానంగా తోచవచ్చు. పైన ఒక తువ్వాలు పైటలా వేస్తే కొందరు ఒప్పుకుంటారు. మగవారికి పట్టీతో అంటించుకునే పంచెలు వచ్చాయి. తలమీదుగా తొడిగే బనియను, జుబ్బా కంటే ముందు గుండీలున్న చొక్కా మేలు. కళ్లకు చీకటి కమ్మగానే వీళ్లు బెదిరిపోతారు. పక్షవాతం వచ్చిన చెయ్యి ఉంటే తొడిగేటప్పుడు దాన్నే ముందు ఎక్కించాలి, విప్పేటప్పుడు చివర తీయాలి. ఏదైనా కూర్చోబెట్టే చేయండి.

బట్టలు మార్చేటప్పుడే వీపు, తుంటి, రొమ్ముల కింద, గజ్జలు ఒకసారి చూడండి. ఒరిపిడి, ఎర్రదనం మొదట కనబడేది మీకే.

నిన్న కట్టుకున్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి ఏమీ చేయలేకపోతే, తికమక పడితే, మత్తుగా ఉంటే అది ముసలితనమని ఊరుకోకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షను, రక్తంలో సోడియం తగ్గడం, కొత్తగా వాడే మందు, ఏదైనా కావచ్చు. ఆ రోజే వైద్యునికి చూపించాలి. మూతి వంకర, మాట తడబాటు ఉంటే గంట కూడా ఆగవద్దు. ఇంతవరకు పరీక్షలే చేయించకపోతే బి12, థైరాయిడ్ లోపాలకు రక్తపరీక్ష తప్పనిసరి. అలాంటి మతిమరుపు వైద్యంతో కొంత సర్దుకోవచ్చు.

మూడు నెలల తరువాత ఆ అత్తాకోడళ్లు మళ్లీ వచ్చారు. చీర కుచ్చిళ్లు కాస్త వంకరగా ఉన్నాయి, పైట నిండుగా ఉంది. జాకెట్టు తిరగేసి ఉండడం నేను గమనించానని కోడలు గమనించింది.

"తనే వేసుకున్నారండీ. నేను మార్చలేదు" అంది.