సంతకం ఉంది సరే.. ఫైల్ మంచిదేనా?

అబిడ్స్, నాంపల్లి డీటీపీ, జిరాక్స్ షాపుల్లో కంప్యూటర్ అంటే జనం ఆధార్, పాన్, దరఖాస్తులన్నీ వచ్చి చేరే చోటు. అలాంటి సిస్టమ్‌లోకి ఏ ఉచిత కన్వర్టర్‌తోనో, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తోనో యాడ్‌వేర్ దూరితే? ప్రకటనల గోలతోనే పోదు. బ్రౌజర్‌లో ఏం చూస్తున్నామో కూడా బయటికి పోవచ్చు.

మొదటి తనిఖీ సులువే. విండోస్‌లో అనుమానం వచ్చిన ఫైల్‌పై రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ చూడాలి. సంతకం ఎవరిదో అక్కడ ఉంటుంది. డీటెయిల్స్ నొక్కితే అది చెల్లుతుందో లేదో తెలుస్తుంది. సంతకం పడ్డాక ఫైల్‌లో ఎవరైనా మార్పులు చేస్తే అది చెల్లదు.

అయితే ఆ ట్యాబ్ లేనంత మాత్రాన ఫైల్ చెడ్డదని కాదు. విండోస్ సొంత ఫైళ్లలో చాలావాటి సంతకం విడిగా కేటలాగ్‌లో ఉంటుంది. సంతకం ఉన్నంత మాత్రాన మంచిదనీ కాదు. యాడ్‌వేర్ కంపెనీలూ డబ్బు కట్టి సర్టిఫికెట్ కొనుక్కుంటాయి. 2019లో బయటపడ్డ షాడోహ్యామర్ దాడిలోనైతే, ఆసుస్ అప్‌డేట్ రూపంలో వచ్చిన మాల్వేర్‌పై ఆ కంపెనీ అసలు సంతకమే ఉంది.

సంతకం చెప్పేది ఫైల్ ఎవరిదన్నదే, వాళ్ల నడవడి కాదు. తెలియని పేరు, మనం వేయని ప్రోగ్రామ్ కనిపిస్తే తీసేసి, డిఫెండర్‌తో ఫుల్ స్కాన్ చేయడమే మేలు.