వండువారి భాషలో వంటపుస్తకము

గుంటూరు జిల్లాలో చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెమున బెనె ఎఫ్రాయీము అను తెలుగు యూదులు గలరు. 1991లో వారచ్చట సమాజమందిరము కట్టుకొనిరి. మాంసమును పాలతో కలుపరాదని యూదుల ధర్మము. కావున మనదేశపు యూదులు పలువురు మాంసపు కూరలలో పెరుగునకు బదులు కొబ్బరిపాలు వాడుదురు. ఇట్టి వంటలు తల్లి చేతినుండి కుమార్తె చేతికి వచ్చినవేగాని పుస్తకమునుండి వచ్చినవి కావు. భారతదేశపు యూదుల వంటలనుగూర్చి ఎస్తేర్ డేవిడ్ గారు ఆంగ్లమున రచించి 2021లో ప్రకటించిన 'బెనె అపెటీ' యను గ్రంథమున ఈ ఆంధ్రయూదుల వంటలును చేరినవి. ఇది ముదావహమే. అయినను వండువారి భాషలోనే వంటపుస్తకము ఉండుట న్యాయమని నా అభిప్రాయము.

విద్యార్థులారా! ఈ మాట మన యిండ్లకును చెల్లును. అమ్మమ్మ పిడికెడనగా ఎంతయో, చారెడనగా ఎంతయో అడిగి, తూచి, తెలుగున వ్రాసికొనుడు. ఆమె గతించిన పిదప ఏ గ్రంథాలయమును ఆ కొలత చెప్పజాలదు.