లా కాలేజీల ఫెయిర్‌కి వెళ్లొచ్చాక మన పిల్లల గురించి నాకు అనిపించింది

పోస్ట్ కొంచెం పెద్దదే. కనీసం ఇంటర్, డిగ్రీ ఫైనల్ ఇయర్‌లో ఉన్నవాళ్లు చివరిదాకా చదవండి.

నేను విశాఖపట్నంలో హాస్టల్‌లో ఉండి బీఏ చివరి సంవత్సరం చదువుతున్నా. మాది పాడేరు అవతల ఊరు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదటిదాన్ని. పోయిన ఆదివారం సిటీలో లా కాలేజీల అడ్మిషన్ ఫెయిర్ ఉందంటే నేనూ, మా రూమ్మేటూ వెళ్లాం. ఎంట్రీ ఫ్రీ అన్నారు కాబట్టే వెళ్లాం, ఉన్నమాట చెప్పాలంటే.

పెద్ద ఏసీ హాలు. కాలేజీకో టేబుల్. వేరే రాష్ట్రాల ప్రైవేటు కాలేజీలే ఎక్కువ. ప్రతి టేబుల్ దగ్గరా అదే వరుస: క్యాంపస్ ఫోటోలు, కార్పొరేట్ లా, పెద్ద కంపెనీలు, ప్యాకేజీలు. తర్వాత "ఫాదర్ ఏం చేస్తారమ్మా?" ఒక చోట "కాఫీ తోట ఉంది సార్" అన్నాను. "ఓ, కాఫీ ఎస్టేటా! కూర్చో అమ్మా, కూర్చో" అని కుర్చీ లాగారు. "ఎకరం లోపే సార్, ఐటీడీఏ ఇచ్చిన మొక్కలు" అన్నాక ఆయన బ్రోచర్ చేతిలో పెట్టి వెనక నిలబడ్డ వాళ్లని పిలిచారు. మేమిద్దరం బయటికొచ్చాక చాలాసేపు నవ్వుకున్నాం. రాత్రి పడుకునేటప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

ఇంకో టేబుల్ దగ్గర నేను ఒకటే అడిగాను: "సార్, మీ సిలబస్‌లో 1/70 చెప్తారా?" ఆయన "అది ఏ యాక్ట్‌లో సెక్షన్ అమ్మా?" అన్నారు. ఆయన తప్పేం లేదు. వేరే రాష్ట్రం మనిషి, సీట్లు నింపడం ఆయన ఉద్యోగం. కానీ నేను ఆ ప్రశ్న అడగడానికి ఒక కారణం ఉంది.

మా తాతకి జబ్బు చేసినప్పుడు మైదానం నుంచి వచ్చిన ఒక షావుకారు దగ్గర అప్పు తీసుకుని, ఎకరన్నర పల్లం వదిలేశాడు. కాగితం మీద వేలిముద్ర. చాలా ఏళ్లకి మా నాన్న ధైర్యం చేసి అర్జీ పెట్టాడు. విచారణ రోజు "నీ దగ్గర ఏం ఆధారం ఉంది?" అంటే నాన్న తలదించుకుని నిలబడ్డాడు. అర్జీ కొట్టేశారు. అప్పీలు చేసుకోవచ్చని తెలిసేసరికి గడువు దాటిపోయింది.

గత ఏడాది లైబ్రరీలో ఆ చట్టం చదివాను. 1959 రెగ్యులేషన్‌ని 1970లో సవరించారు, దాన్నే మనం 1/70 అంటున్నాం. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది అవతలివాడు. అంటే ఆ రోజు ఆ ప్రశ్నకి జవాబు చెప్పుకోవాల్సింది మా నాన్న కాదు. ఆ ఒక్క ముక్క చెప్పే మనిషి పక్కన లేక మా పల్లం పోయింది.

మనకి చట్టాలు లేక కాదు. 1/70 ఉంది, 1996 పెసా ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. మన అనంతగిరి మండలం బొర్రా ప్రాంతం గనుల లీజుల మీద సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1997లో తీర్పు వచ్చింది: ఏజెన్సీలో ప్రభుత్వం కూడా తన భూమిని ప్రైవేటు కంపెనీలకి గనుల లీజుకి ఇవ్వకూడదని. దేశం మొత్తం ఆ తీర్పు గురించి మాట్లాడుతుంది, మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు? ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ కేసు ఏళ్ల తరబడి నడుస్తున్నప్పుడు మనలో ఎంతమందికి తెలుసు? తీర్పు వచ్చాక వాట్సాప్‌లో చదివి రోడ్డెక్కాం.

ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది కదా అని ఎవరైనా అనొచ్చు. ఉంది, 1987 చట్టంలోనే ఉంది, తప్పకుండా వాడుకోవాలి. కానీ మా అమ్మ ఆదివాసీ ఒడియాలో చెప్పే మాట అర్థం చేసుకుని, సర్వే నంబర్ తెలియకపోయినా "ఆ చింతచెట్టు కింది మడి" అంటే ఏదో తెలిసిన వకీలు కావాలి. ఆ వకీలు మనలోంచే రావాలి.

ఇంకో మాట కూడా నిజమే. "ముందు ఉద్యోగం చూసుకో, లా చదివితే ఎన్నేళ్లకి అన్నం పెడుతుంది?" అని సీనియర్ అన్నలు అంటారు. మూడేళ్లు చదువు, తర్వాత జూనియర్‌గా చేతికి వచ్చేది చాలా తక్కువ. ఇంటికి డబ్బు పంపాల్సిన వాళ్లకి ఇది తేలిక కాదు, వాళ్లని నేను తప్పు పట్టను. అందరూ లా చదవాలని కూడా అనను. పాడేరు ఏజెన్సీ 11 మండలాల నుంచి మండలానికి ఇద్దరు చొప్పున 22 మంది వెళ్లినా పదేళ్లలో చాలా మారుతుంది.

ఫెయిర్‌లో ఎవరూ మైకులో చెప్పని సంగతులు ఇవి. మన తమ్ముళ్లు, చెల్లెళ్లు గుర్తుపెట్టుకోండి.

డిగ్రీ అయ్యాక మూడేళ్ల లా, ఇంటర్ అయ్యాక ఐదేళ్ల లా, రెండింటికీ లాసెట్ ఉంది. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. తెలుగులోనూ ప్రశ్నలు ఉంటాయి. మూడేళ్ల కోర్సుకి ఎస్టీలకి డిగ్రీలో 40 శాతం చాలు. లాసెట్‌లో మనకి కనీస మార్కుల నిబంధన లేదు. సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య జాతీయ లా యూనివర్సిటీకి అయితే ఇంటర్ తర్వాత క్లాట్ రాయాలి, అది ఇంగ్లీషులోనే. అక్కడ ఫీజు ఏడాదికి లక్ష దాటుతుంది.

సీటు ఎక్కడైనా సరే, ముందు మూడు అడగండి: బార్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, ఇది కన్వీనర్ సీటా మేనేజ్‌మెంట్ సీటా, మనకి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందని రాసిస్తారా. "ఈరోజే పది వేలు కడితే సీటు ఖాయం, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వండి" అని ఒక టేబుల్ దగ్గర అన్నారు. మా రూమ్మేట్ అప్పటికే టెన్త్ మెమో బయటికి తీసింది. నేను చెయ్యి పట్టుకుని లాగాను. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి.

లా అయ్యాక వకీలుగా పేరు నమోదు చేయించుకోవడానికి ఎస్టీలకి చట్టం ప్రకారం 125 రూపాయలే, స్టాంప్ డ్యూటీ వేరు. అంతకు మించి వసూలు చేయకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. వేలకి వేలు కట్టాలని భయపడి ఆగిపోకండి.

ఫెయిర్‌కి వెళ్లొద్దని నేను చెప్పను. వెళ్లండి, అడగండి, బ్రోచర్ తెచ్చుకోండి. ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనే అడగండి, వాళ్లు మన కోసం వచ్చారు.

నేను లాసెట్ రాద్దామని నిర్ణయించుకున్నా. నిన్న ఫోన్‌లో నాన్నకి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "మరి డీఎస్సీ రాయవా?" అన్నాడు. అదీ రాస్తానన్నాను. ఫోన్ పెట్టేసే ముందు "ఆ పాత కాగితాలు రేకుపెట్టెలోనే ఉన్నాయి, పడేయలేదు" అన్నాడు.

గ్రూపులో లా చదివిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే ఒక విన్నపం. నెలకి ఒక్క ఆదివారం, ఒక్క గంట ఫోన్‌లో మాకు క్లాస్ చెప్పండి. ఎంతమందిమి ఉన్నామో కింద పేరు, మండలం రాస్తే తెలుస్తుంది. మొదటి పేరు నాది రాసేస్తున్నా. నేను రాసిన దాంట్లో తప్పులుంటే సరిచేయండి.